అసిరితల్లి వెనక తెర

కనకరత్నం మెత్తని మనిషని, ఎంత నొక్కినా నోరెత్తదని మా గుడి కమిటీ ప్రెసిడెంటు సత్యప్రసాద్ అనుకున్నాడు. మెత్తని మనుషుల కడుపులో పగ ఎంతకాలం నిలవ ఉంటుందో ఆయనకి తెలీదు. నాకు తెలుసు. నా పేరు విజయ. బర్మాలో, యాంగోన్ నగరంలో, అహ్లోన్ పేటలో, ఒకే చెక్క గోడకి అటు అది పుట్టింది, ఇటు నేను పుట్టాను. వాళ్ళింట్లో చేప వేగితే మా ఇంట్లో రెండు ముద్దలు ఎక్కువ దిగేవి. కాబట్టి దాని కథ చెప్పే హక్కు నాదే. మర్యాదగా చెప్పేవాళ్ళు కావాలంటే ఇంకెవరినైనా చూసుకోండి.

నది ఒడ్డున, మూతబడ్డ బియ్యం మిల్లు వెనకాల మా లైను ఇళ్ళుండేవి. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడల్లో వచ్చి, ఆ మిల్లులో బస్తాలు మోసి, అక్కడే కాపురాలు పెట్టారు. చెక్క గోడలు, రేకు కప్పు, ఇంటికో గుమ్మం. మిల్లు పోయింది గానీ మేం పోలేదు. లైను చివర అసిరితల్లి గుడి. ఏటా పండగ మొదలయ్యే తొలేళ్ళ నాడు అమ్మవారి వెనక పెద్ద గుడ్డ తెర కడతాం. దాని మీద కొండ, సముద్రం, తాటిచెట్లు. అది మన ఊరట. మాలో ఆ ఊరు చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా కొండ కాస్త పక్కకి జరిగితే చాలు, ‘మన కొండ అలగ ఉండదురా’ అని ముసలాళ్ళు తగువుకి దిగేవారు.

తెర కట్టి పూజారి దానికి పసుపు పెట్టాడంటే, అనుపు దాకా, అంటే అమ్మవారిని సాగనంపే రోజు దాకా, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. చిరిగినా కుట్టకూడదు. తడిసినా దించకూడదు. ముందు ఇంకో గుడ్డ అడ్డం కట్టకూడదు. ఎందుకని నన్నడక్కండి. నేనడిగితే మా మామ్మ తిట్టింది.

ఆ తెర వేసే హక్కు కనకరత్నం తండ్రి పోలయ్యది. ఏడాదంతా ఆయన బస్సుల మీద నంబర్లు, లపెయే కొట్లకి బోర్డులు రాసేవాడు. బర్మా టీ కొట్టు ఏది తెరిచినా పోలయ్య నిచ్చెన అక్కడుండేది. ఆయన కొండ బోర్లించిన గిన్నెలా ఉండేది. ఒక్క కెరటం గీసి, దాన్నే ఈ చివర నుంచి ఆ చివర దాకా దించేసేవాడు. కనకరత్నం పలకా బలపం కంటే ముందు కుంచె పట్టింది. తండ్రి కళ్ళకి పొరలొచ్చాక ఆ నిచ్చెన తనే ఎక్కింది. ఆడపిల్ల నిచ్చెనెక్కడమేమిటని లైనంతా నోళ్ళు నొక్కుకున్నారు. ఆ నోళ్ళలోకి కూడు దాని నిచ్చెన మీద నుంచి రావడం లేదు కాబట్టి అది పట్టించుకోలేదు.

ఒకసారి నగరం నడిబొడ్డున చౌక్తడాలో మందుల కొట్టు బోర్డు రాస్తుంటే ఒక తెల్లావిడ కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూసింది. పేరు ఎలినార్. కెనడా మనిషి. చెట్లు, నీళ్ళు, వీధులు బొమ్మలుగా వేయడమే ఆవిడ పని. భర్త ఉద్యోగానికని యాంగోన్ వస్తే, ఆవిడ తన రంగుల పెట్టె పట్టుకుని వెంట వచ్చింది. అంత ఎత్తున గీత గీస్తున్నా కనకరత్నం చెయ్యి వణక్కపోవడం ఆవిడకి ఆశ్చర్యం. ‘నీకు ఆ గీత నేర్పిందెవరు, నాక్కూడా నేర్పు, నేను నీకు రంగు నేర్పుతాను’ అంది, వచ్చీరాని బర్మా భాషలో. అలా కుదిరింది వాళ్ళ స్నేహం. కనకరత్నం ఆవిడని సయామా అని పిలిచేది. అంటే గురువమ్మ.

ఆ సయామా చదువు ఎలా సాగిందో కనకరత్నం నాకు వంద సార్లు చెప్పింది. పదహారేళ్ళప్పుడు ఎలినార్ ఒక ముసలి మాస్టారు దగ్గర చేరింది. ఆయన గదిలో కూర్చోబెట్టి నేర్పే రకం కాదు. నడి చలికాలంలో గడ్డకట్టిన చెరువు మీదికి తీసుకుపోయి, వెయ్యమనేవాడట. రంగు బిగిసిపోయి గొట్టంలోంచి రాదు. గొట్టాల్ని చంకలో పెట్టుకుని వెచ్చబెట్టుకోవాలి. చేతులకి ఉన్ని తొడుగులు, మోకాళ్ళ మీద చిన్న చెక్క పెట్టె, దాని మూతలోనే బొమ్మ వేసే పలక. వేళ్ళు మొద్దుబారేలోగా పని తెమలాలి. ఇంటికెళ్ళి దిద్దినట్టు కనబడితే ఆయన ఆ పలకని పొయ్యిలో పెట్టేసేవాడు. ‘చూసింది వెయ్యి, నీకు తెలిసిందని వెయ్యకు’ అన్నది ఆయన పాఠమంతా. ఎలినార్ కన్నీళ్ళు బుగ్గల మీదే గడ్డకట్టేవని కనకరత్నం కళ్ళు పెద్దవి చేసుకుని చెప్పేది. మాకు చలంటే మార్గశిరంలో దుప్పటి. మేమేం అర్థం చేసుకుంటాం!

సయామా ఇచ్చిన మొదటి పలక మీద కనకరత్నం మా లైను ఇళ్ళు వేసింది. రేకులు, గుమ్మాలు, మురుగు కాలువ, అన్నీ కుదిరాయి. వాటి వెనకాల ఒక కొండ కూడా వేసేసింది, అలవాటు కొద్దీ.

ఎలినార్ బొమ్మ చూసింది, లైను చూసింది, మళ్ళీ బొమ్మ చూసింది. ‘ఆ కొండ ఎక్కడుంది?’ అని అడిగింది. కనకరత్నం తలెత్తి చూసింది. రేవులో క్రేన్లు, నది, అవతలి గట్టు. కొండన్నది లేదు. ‘అమ్మవారి వెనక ఉంటుంది’ అని చెప్పింది. ఎలినార్ నవ్వలేదు, చాకు తీసి ఆ కొండని సుబ్బరంగా గీకేసింది.

ఆ వేళ కనకరత్నం మా ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. ‘మా అయ్య కొండని గీకీసిందే ఇజయా!’ అని. రేపటి నుంచి వెళ్ళకేం అన్నాను. తెల్లారేసరికి నాకంటే ముందు లేచి వెళ్ళిపోయింది.

ఆ తరవాత దానికి ఇంకో కన్ను మొలిచినట్టయింది. రేకు కింద నీడ నలుపు కాదు, వంగపండు రంగని చెప్పేది. పొద్దున్న నీలంగా కనబడ్డ తలుపు సాయంత్రానికి ఎందుకు మారిపోతుందో చెప్పేది. కళ్ళు సగం మూసుకుని ఒక్కొక్క గుమ్మం ముందూ కూర్చునేది. నిద్రపోతోందనుకుని పిల్లలు దాని మీద నీళ్ళు చల్లేవారు. అలా ఏళ్ళ తరబడి లైనులో ఉన్న ప్రతి గుమ్మాన్నీ చిన్న చిన్న పలకల మీదికి ఎక్కించింది. ఎలినార్ భర్త ఉద్యోగం అయిపోయి వెళ్ళిపోయేటప్పుడు తన చెక్క పెట్టె దాని చేతిలో పెట్టి వెళ్ళింది.

ఇక సత్యప్రసాద్ సంగతి. ఆయనా మా లైనులోనే పుట్టాడు, గుడి పక్క నీలం గుమ్మంలో. స్థలాలు కొనిపించీ అమ్మించీ పెద్దవాడై, చౌక్తడాలో మేడ మీద ఇల్లు, వేళ్ళకి ఉంగరాలు, గుళ్ళో ప్రెసిడెంటు కుర్చీ సంపాదించాడు. ఒకసారి పండగలో మైకు పట్టుకుని, ‘అమ్మవారికి పెద్ద గుడి కడదాం, పిల్లలకి బడి, పైన మీ అందరికీ గదులు, ఇళ్ళు ఖాళీ చెయ్యండి, తల్లి పని’ అన్నాడు. తల్లి పేరు చెబితే మావాళ్ళు ఒంటి మీది గుడ్డయినా ఇచ్చేస్తారు. గంగిరెద్దుల్లా తలలూపి గిన్నెలు, చాపలు సర్దుకున్నారు. లైను కూల్చేశారు. గుడి గుడిలాగే ఉండిపోయింది, దాన్ని ముట్టుకోవడానికి ఆయనకే భయమేసింది. మా ఇళ్ళ స్థలంలో అద్దాల మేడ లేచింది. దాని గేటు దగ్గర మమ్మల్ని చూస్తే కాపలావాడు కర్ర ఊపుతాడు.

మేమంతా నది దాటి తన్లిన్ చేరాం. ఫ్యాక్టరీల వెనక అద్దె గదులు. నేను చిన్న ఇడ్లీ కొట్టు పెట్టుకున్నాను. కనకరత్నం తల్లికి ఆ గది ఒంటబట్టలేదు. పాత ఇంట్లో గుమ్మం ఎటుండేదో అటే లేచి వెళ్ళి గోడని తోసేది. ‘తలుపు బిగిసిపోనాదే గుంటా, గట్టిగా తొయ్యి’ అని కూతుర్ని పిలిచేది. అరచేతులు కమిలిపోయేవి. ఆ గోడకి చేతులానించుకునే ఒక మధ్యాహ్నం కూలబడి ప్రాణం వదిలింది.

నేనైతే అప్పుడే చెప్పు తీసుకుని చౌక్తడా వెళ్ళేదాన్ని. కనకరత్నం నన్నాపింది.

‘అరిస్తే ఈది ఇంటాది, మర్సిపోతాది. నాను ఊరుకోనులే ఇజయా. ఈడి గుమ్మం కాడే ఈడ్ని నిలబెడతాను’ అంది. దాని కంట చుక్క నీరు లేదు. నాకు అప్పుడే భయం వేసింది, సంతోషం కూడా వేసింది.

సత్యప్రసాద్ తల్లి దుర్గాంబ లైను కూల్చక ముందే తుంటి విరిగి చౌక్తడాలో కొడుకు మేడెక్కింది. మళ్ళీ దిగలేదు. నా చేతి చేమదుంపల పులుసంటే ఆవిడకి ప్రాణం, అప్పుడప్పుడు పట్టుకెళ్ళేదాన్ని. ఒకసారి, ‘నా ఇల్లు రోజూ ఊడుస్తన్నారేటి? బాబు తాళమేసి ఉంచినానన్నాడు’ అంది. కొడుకు తన ఇంటిని కూడా పడగొట్టాడని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పొద్దన్నట్టు వంటమనిషి తలుపు చాటు నుంచి నాకు చేతులు జోడించింది. ఆ తల్లి ఒక్కతే ఆయన్ని ఇంకా మంచివాడనుకుంటోంది. నేను నోరు మూసుకుని దిగి, నేరుగా కనకరత్నం దగ్గరికొచ్చి ఆ ముక్క దాని చెవిన వేశాను.

‘ముసిల్దానికి తెల్దా?’ అంది.

‘తెల్దు.’

కనకరత్నం నవ్వింది. దాని తల్లి పోయాక నవ్వడం అదే మొదలు.

పోయిన వానాకాలం గుళ్ళో చుట్టి పెట్టిన పాత తెరని ఎలకలు కొట్టేశాయి. సత్యప్రసాద్ ఫోను చేసి, ‘ఎప్పటిలాగే కొండా సముద్రం వేసి పంపు కనకం’ అన్నాడు. ‘అలగే ప్రసాదుబాబూ’ అంది ఇది, చక్కెర కలిపిన గొంతుతో. మా కొట్టు వెనక షెడ్డులో గోడకి గుడ్డ బిగించి, సుద్దా జిగురూ పట్టించింది. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలీదు గనక పగటి వెలుతురులోనే పని. పలకలన్నీ నేల మీద పరుచుకుని వేసింది. కొండ లేదు, సముద్రం లేదు. సాయంత్రపు ఎండలో మా లైను. ప్రతి గుమ్మం తెరిచి ఉంది. మనుషులెవరూ లేరు. మా గుమ్మం ముందు రుబ్బురోలు, వాళ్ళ గుమ్మం పక్క పోలయ్య నిచ్చెన. గుడి పక్కన నీలం గుమ్మం. అది దుర్గాంబ స్వయంగా రంగు కొట్టిన గుమ్మం. మెట్టు మీదికి కారిన చారలతో సహా దిగింది. చూసి నేను షెడ్డులోనే కూలబడి ఏడ్చాను. ‘ఏడుపు తరవాత, ఆ తెల్ల డబ్బా అందుకో’ అంది.

తొలేళ్ళ నాడు గుడి తలుపులు మూసి తెర కట్టాం. పూజారి లింగరాజు లోపలికొచ్చి చూశాడు. ఆయన పుట్టిన గుమ్మం కూడా ఉంది అక్కడ. తరవాత నాలుగు మూలలా పసుపు పెట్టి తలుపులు తీశాడు.

మొదటి హారతి ప్రెసిడెంటుది. సత్యప్రసాద్ పళ్ళెం ఎత్తి, తెర చూసి, అలాగే ఆగిపోయాడు. ముఖం మాడిన రొట్టెలా అయింది. ‘దించీ’ అన్నాడు పూజారితో, పళ్ళ సందు నుంచి. ‘పసుపు పడిపోనాది బాబూ’ అన్నాడు లింగరాజు. ‘ముందు ఇంకోటి కట్టు’ అన్నాడు. ‘తల్లి ఎనక అడ్డం కడతారేటండీ?’ అన్నాడు లింగరాజు. పండగన్ని రోజులూ, ప్రతి సాయంత్రం, ఆయన ఆ గుమ్మాలకి హారతి ఇవ్వాలి. నాకు కడుపు చల్లబడింది.

కానీ ఆ మనిషి సామాన్యుడు కాదు. గుక్క తిప్పుకుని మైకు అందుకున్నాడు. ‘మన పాత లైనుని అందరూ గుర్తుంచుకోవాలని నేనే కనకరత్నం చేత ఇలా వేయించాను’ అన్నాడు. కొత్తగా చేరినవాళ్ళు చప్పట్లు కొట్టారు. నా ఒళ్ళు భగ్గుమంది. మా పగని కూడా ఈయన తన ఖాతాలో వేసుకుంటున్నాడే! కనకరత్నం మాత్రం, ‘అనుపు దాకా ఆగు’ అంది.

తెరని ఎవరో తీసిన ఫోటో ఫోన్లలో తిరిగింది. మర్నాటి నుంచి తన్లిన్ బస్సులు మా వాళ్ళని మోసుకొచ్చాయి. తెర ముందు నేల మీద తలలానించి, ఎవరి గుమ్మం ఎదురుగా వాళ్ళు పసుపు కుంకం పోసి పోయేవారు. అమ్మవారికి వెయ్యవలసిన పూలు ఇళ్ళకి వేశారు. సత్యప్రసాద్ హారతిచ్చేటప్పుడు కళ్ళు పళ్ళెంలోనే పెట్టుకునేవాడు.

అనుపు నాడు లైనులో పుట్టి పెరిగిన ఆడవాళ్ళలో అందరికంటే పెద్దది అమ్మవారి పాదాల మీద మొదటి పసుపు నీళ్ళు పొయ్యాలి. నిరుటి దాకా ఆ పని చేసిన ముసలమ్మ ఎండల్లో పోయింది. ఇక మిగిలింది దుర్గాంబే. వద్దంటే ఊరుకునే మనిషి కాదు, ఆచారమూ ఊరుకోనివ్వదు. కనకరత్నం ఎదురుచూసింది దీనికోసమే. అది సత్యప్రసాద్‌కీ అర్థమైంది. అందుకే పందిరికి అద్దాల మేడ ఉన్న వైపంతా, ఎండ తగులుతుందన్న వంక పెట్టి, ఎత్తుగా గుడ్డలు కట్టించాడు. కారు అద్దాలకి కూడా గుడ్డలు వేయించి, గుడి గుమ్మం దాకా తెచ్చి, తల్లిని కుర్చీతో సహా లోపలికి మోయించాడు.

దుర్గాంబ తెర చూసి చంటిపిల్లలా నవ్వేసింది.

‘ఒలే కనకం! ఇది మన లైనే కదే! అదిగో నా గుమ్మం. నీలం నానే కొట్టినాను. కారిపోనాది కూడా ఏసీసినావేటే, దొంగగుంటా!’

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. ఆవిడ విస్తుపోయి చూసింది.

‘ఏటర్రా ఆ ఏడుపు? ఎవులు పోనారు? బొమ్మ సూసి ఏడుస్తారేటి, నాలుగడుగులేస్తే గుమ్మాలే కదా. ప్రసాదూ, ఇంత దూరమొచ్చినాను, ఒక్కపాలి నా ఇంటికాడ దించు నాయినా.’

‘ముందు పసుపు నీళ్ళు పొయ్యమ్మా, పొద్దుపోతోంది’ అన్నాడు.

‘పోస్తాను గానీ, అటుపక్క గుడ్డలెందుకు కట్టినారు? ఇప్పండి. నా ఇల్లు అవుపడతాది.’

ఎవరూ కదల్లేదు. అప్పుడు కనకరత్నం తాపీగా నడిచి వెళ్ళి, పందిరి గుంజకి కట్టిన తాడు ముడి లాగింది. గుడ్డ జారిపడింది. గుడి ప్రహరీ గోడ మీద నుంచి అద్దాల మేడ ఎండలో తళతళా మెరిసింది.

దుర్గాంబ ఆ మేడని చూసింది, తెర చూసింది, మళ్ళీ మేడని చూసింది. మతి చెడిన మనిషి కాదు. అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

‘ఎవులు కూల్సినారు?’

కనకరత్నం అంది: ‘మీ బాబునడుగు పెద్దమ్మా.’

ఆయన పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. కర్పూరం ఆరిపోయింది. ఊరంతా ఆ నోటి వైపే చూస్తోంది. ‘నేనేనమ్మా’ అన్నాడు. మైకులో ఎంత గట్టిగా మాట్లాడే గొంతో, అది ముందు వరసకి కూడా సరిగా వినబడలేదు. ఆవిడకి వినబడింది.

నాకు జాలి వెయ్యలేదు. వేస్తుందేమోనని కాసేపు ఆగి చూశాను కూడా. కనకరత్నం తల్లి కమిలిన అరచేతులే కళ్ళ ముందు ఆడాయి.

దుర్గాంబ తిట్టలేదు, ఏడవలేదు. చెయ్యి చాపి పసుపు నీళ్ళ చెంబు అడిగి, అమ్మవారి పాదాల మీద పద్ధతిగా పోసింది. తరవాత కనకరత్నాన్ని దగ్గరికి పిలిచింది.

‘అనుపైపోనాక తెర నువ్వట్టుకెళ్తావు కదే?’

‘అవును పెద్దమ్మా. గుళ్ళో ఉంచితే ఎలకలు కొట్టేస్తన్నాయి.’

‘అయితే నన్ను నా గుమ్మంలో కూకోబెట్టు. ఈడ్ని బయట నిలబెట్టు. నాను లోపలికి పిలవను.’

కారెక్కేటప్పుడు కొడుకు చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. లింగరాజు భుజం పట్టుకుని ఎక్కింది.

అమ్మవారిని సాగనంపాక తెర మళ్ళీ మా షెడ్డుకి వచ్చింది. కనకరత్నం నీలం గుమ్మంలో దుర్గాంబని కూర్చోబెట్టింది. పసుపు అంటిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, వీధి వైపు చూస్తున్నట్టు వేసింది. పని ముగిసే వేళకి సత్యప్రసాద్ వచ్చాడు, ఒక్కడే. చెప్పులు విడిచి షెడ్డు గడప అవతల నిలబడ్డాడు. లోపలికి రమ్మని మేం అనలేదు. తల్లి ఆయనతో మాటలు మానేసిందని, ఆయన చేత్తో ఇస్తే మంచినీళ్ళు కూడా తాగడం లేదని చెప్పాడు. ఉంగరాలు లేని వేళ్ళతో తెర వైపు చూపించాడు.

‘నన్ను కూడా వెయ్యి కనకం. బయటే వెయ్యి. అమ్మ చెప్పింది కదా, బయట నిలబెట్టమని. తెర చూస్తే మనసు మారుతుందేమో.’

కనకరత్నం తెర వైపు కళ్ళు సగం మూసుకుని చూసింది. గుమ్మం ముందు వాకిలంతా ఖాళీయే, పెళ్ళిభోజనాలు పెట్టొచ్చు.

‘సోటు లేదు ప్రసాదుబాబూ’ అని కుంచె కడుక్కుంది.

ఆయన ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. కనకరత్నం మళ్ళీ రంగు కలిపి, సాయంత్రానికి ఆ వాకిట్లో ఒక కుక్కని పడుకోబెట్టింది.